‘దిద్దుబాటు’ కథలో శిఖరం ఎక్కడ?

అమెరికా బడులలో కథాసంవిధానాన్ని బోధించడానికి బోర్డు మీద ఒక కొండబొమ్మ గీస్తారు. ఇటు ఎక్కుడు, పైన శిఖరం, అటు దిగుడు. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మను రచయిత నాటకాలను గురించి చెప్పిన పద్ధతి అది. ఉపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ నేనూ అదే గీశాను. ఇటీవల ఎడిసన్‌లో మన పిల్లలతో గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ చదువుతుండగా, “తాతగారూ, ఇందులో కొండ ఎక్కడుంది?” అని ఒక అమ్మాయి అడిగింది. వెంటనే జవాబు తోచలేదు.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ఈ కథకు తొలి ఆధునిక తెలుగు కథగా పేరు. (1902లోనే భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ వచ్చిందన్న మాట మన పిల్లలకు తప్పక చెప్పాలి.) అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇంటికి వస్తాడు. భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. మీటింగులని చెప్పి భర్త వెళ్తున్నది వేశ్య పాటకని తెలిసి, పుట్టింటికి పోతున్నానని వ్రాసింది. అతడు పశ్చాత్తాపపడతాడు, నౌకరు రాముణ్ణి ఆమె కోసం పంపబోతాడు. అంతలో మంచం కింద నుండి నవ్వు.

అప్పారావుగారు కథను ఆలస్యంగా మొదలుపెట్టారు. అబద్ధాలు చెప్పిన రాత్రులన్నీ గడిచిపోయాయి, ఉత్తరం వ్రాయడమూ అయిపోయింది. మనకు చూపింది తలుపు దగ్గర నిలిచిన మనిషిని మాత్రమే. అతనికి తెలిసినంతే మనకూ తెలుసు. అసలు సంఘటన, అంటే కమలిని వెళ్లిపోవడం, జరగనే లేదు! జరగని దాని చుట్టూ కథ అల్లినది కమలినే. కనుక శిఖరం నవ్వులో లేదు, ఉత్తరంలో ఉందని నా అభిప్రాయం. నవ్వు విన్నాక కథను మళ్లీ మొదటి నుండి, ఈసారి మంచం కింద నుండి చదవాలి. ఆడవారి చదువును రాముడు శంకించడం, భర్త దానిని సమర్థించడం, అన్నీ ఆమె విన్నది. అవే మాటలకు అప్పుడు వేరే బరువు వస్తుంది.

ఒక లోపమూ చెప్పాలి. ఆమె లేని ఇంట్లో ఒక్క రాత్రయినా గడపకముందే గోపాలరావుకు ఊరట దొరికింది. మరుసటి వారం అతడు ఏ ‘మీటింగు’కు వెళ్లాడో ఎవరికి తెలుసు?

నాకు ఈ కథతో ఇంకొక బంధం ఉంది. మా పూర్వీకులు విశాఖపట్నం వైపు నుండి చెరకుతోటల కూలికి నేటాల్ వెళ్లినవారు. 1860లో మొదలైన ఆ కూలివలస, ఈ కథ అచ్చయిన మరుసటి ఏడు, 1911లో ఆగింది. నేను తెలుగు నేర్చింది సాయంకాలపు తరగతులలో. కమలిని ఉత్తరంలోని గ్రాంథికానికి నిఘంటువు తిరగవేయవలసి వచ్చింది. రాముడి మాటలకు మాత్రం అక్కర లేకపోయింది. అది మా నాయనమ్మ భాష. పరీక్షలలో తప్పుగా కొట్టివేయించుకున్న భాష కూడా అదే.

అందుకే పిల్లలకు ఈసారి కొండబొమ్మ గీయలేదు. ఇంటి నకలు గీసి, తలుపు దగ్గర గోపాలరావును, మంచం కింద కమలినిని పెట్టమన్నాను. పెట్టారు. రాముడి దగ్గర మాత్రం తగువు వచ్చింది: అమ్మగారు ఎక్కడున్నదీ అతనికి తెలుసునా, తెలియదా? తెలుసునని సగం మంది. ఆ అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు.