రాళ్ళ నడుమ పూలచాప

దొరవారిసత్రంలో మొక్కలు చచ్చేది మే నెల ఎండకేనని చాలామంది నమ్మకం. నేలను కరుచుకుని చాపలా పరుచుకునే పూలమొక్కల విషయంలో ఇది నిజం కాదు. వాటి ప్రాణం తీసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిపించే వాన. ఇక్కడి నేలపట్టు చెరువు నిండి, కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకునేది ఆ వాన చలవతోనే. అదే తడి మొక్క మొదట్లో నిలిస్తే మాత్రం కాండం నల్లబడి కుళ్ళిపోతుంది.

యూరప్ కొండల్లో పెరిగే డయాంథస్ అనే పూలమొక్కలకూ ఇదే గండం. ఇంగ్లండులో చెడ్డర్ లోయ సున్నపురాతి చరియల మీద పెరిగే చెడ్డర్ పింక్ అనే డయాంథస్ మంచుకు ఓర్చుకుంటుంది గానీ చలికాలపు చిత్తడికి ఓర్చుకోదు. అందుకే అక్కడి రాతితోటల్లో మొదట చూసుకునేది నీరు జారే దారి. ఆ కొండజాతులు మన తీరంలో నిలవవు, చలి చాలదు. వాటిని పెంచే పద్ధతి మాత్రం మనకు అక్షరాలా పనికొస్తుంది.

మడిని నేలకు అడుగున్నర ఎత్తున కట్టాలి. అడుగున ఇటుక ముక్కలు, పైన సగం ముతక ఇసుక కలిపిన ఎర్రమట్టి. రాళ్ళను ఊరికే పైన పెడితే కదులుతాయి. మూడోవంతు పాతి, వాన నీరు మడి బయటికి జారేలా ఏటవాలుగా కూర్చాలి. పైన వేలెడు మందాన సన్న కంకర పరవడం అన్నిటికన్నా ముఖ్యం. దానివల్ల మొదలు పొడిగా ఉంటుంది, రాతి కింద వేరుకు చల్లదనం దొరుకుతుంది. పెంట ఎక్కువ వేస్తే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది.

ఇక్కడ ఏడాదిలో ఎక్కువకాలం ఆ చాప అల్లేది నాచుపూల మొక్క. టేబుల్ రోజ్ అంటే అందరికీ తెలుసు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, మన గంగపాయల కూరకు దగ్గరి చుట్టం. ఎండెక్కితే విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది, ఒక్కో పువ్వుకు ఒక్క రోజే. విచ్చిన పువ్వు మధ్య పసుపు కేసరాలను వేలికొసతో ముట్టి చూడండి, అవి మెల్లగా కదులుతాయి. కాయ ఎండాక పైభాగం మూతలా ఊడి, ఇసుకరేణువులంత గింజలు రాలతాయి. వాటిని మట్టిలో పూడ్చకూడదు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి.

డయాంథస్ మీద మనసుంటే నర్సరీల్లో దొరికే చైనా జాతిని డిసెంబరు చివర, వానలు తగ్గాక, మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు వైపు నాటండి. వాడిన పువ్వులు తుంచుతూ ఉంటే మార్చి దాకా పూస్తుంది. అది పోయిన జాగాలో నాచుకొమ్మలు గుచ్చాలి. బెత్తెడు ముక్క చాలు, వారం పదిరోజుల్లో వేరు పట్టుకుంటుంది. వానలకు ముందే కొన్ని కొమ్మలు కుండీలో నాటి చూరు కింద పెట్టుకుంటే, మడిలోవి కుళ్ళినా జనవరిలో మళ్ళీ నాటుకోవచ్చు.