నోరు విప్పే ముందు వినే మనిషి

దేశభక్తి సంగీతం అనగానే మనకు గుర్తొచ్చేది బ్యాండు, డప్పు, గట్టి గొంతు. ఆరన్ కోప్లాండ్ అనే అమెరికా సంగీతకర్త 1942లో రాసిన 'లింకన్ పోర్ట్రెయిట్' కూడా పేరుకి ఆ కోవలోదే. పెద్ద ఆర్కెస్ట్రా, ఒక వ్యాఖ్యాత, అబ్రహాం లింకన్ మాటలు, మొత్తం సుమారు పదిహేను నిమిషాలు. కానీ ఇందులో దాదాపు సగం దాకా వ్యాఖ్యాత నోరే విప్పడు. వేదిక మీద అందరి ముందూ ఉండి ఊరికే వింటాడు. నాకు ఈ కృతిలో బాగా నచ్చింది ఆ వినడమే.

ఇది పుట్టిన కథ చిన్నది. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది, అమెరికా యుద్ధంలోకి దిగింది. అప్పుడు ఆండ్రే కోస్టెలానెట్జ్ అనే కండక్టరు ముగ్గురు సంగీతకర్తలను పిలిచి, దేశంలోని గొప్పవాళ్ళ మీద సంగీతంలో బొమ్మలు గీయమన్నాడు. కండక్టరంటే టికెట్లు కొట్టే ఆయన కాదు, చేతిలో చిన్న కర్రతో వాద్యబృందాన్ని నడిపించే ఆయన. కోప్లాండ్ ముందు వాల్ట్ విట్మన్ అనే కవిని అనుకున్నాడు. అప్పటికే జెరోమ్ కెర్న్ మార్క్ ట్వేన్‌ను తీసుకున్నాడు గనక ఇంకో రచయిత ఎందుకు, ఒక రాజనీతిజ్ఞుణ్ణి తీసుకోమన్నాడు కండక్టరు. అలా లింకన్ వచ్చాడు. 1942 మే 14న సిన్సినాటి నగరంలో మొదటిసారి వాయించారు. అంటే ఇది యుద్ధకాలంలో అడిగి రాయించుకున్న దేశభక్తి. అలాంటివి ఎలా ఉంటాయో మనం ఊహించుకోగలం, నేనూ అలాగే ఊహించుకుని వినడం మొదలుపెట్టాను.

మొదలవడం చాలా మెల్లగా మొదలవుతుంది. ఎవరో బరువు మోస్తూ చీకట్లో మెట్లెక్కుతున్నట్టు ఒక చిన్న స్వరాల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. గెలుపు లేదు, కవాతు లేదు. కాసేపటికి ఒంటరి క్లారినెట్ మీద ఒక పాట వినిపిస్తుంది. అది 'స్ప్రింగ్‌ఫీల్డ్ మౌంటెన్' అనే పాత జానపదం. అందులోని కథ ఏమిటంటే, పొలంలో గడ్డి కోస్తున్న ఒక కుర్రాడు పాము కరిచి చచ్చిపోతాడు. అంతే. దేశాధ్యక్షుడి బొమ్మలో ఊరూ పేరూ తెలియని పల్లెటూరి కుర్రాడి చావుపాట! లింకన్ ఉన్న ఊరి పేరు కూడా స్ప్రింగ్‌ఫీల్డే గానీ ఈ పాటలోది వేరే రాష్ట్రంలోని ఊరు. కాబట్టి పేరు కలిసిందని పెట్టిన పాట అనిపించదు. లింకన్ పెద్ద మనిషి అని చెప్పడానికి కోప్లాండ్ ఆయన్ని ఎత్తుపీట మీద కూర్చోబెట్టలేదు, పొలం గట్టు మీద కూర్చోబెట్టాడు. ఒక్క మాట కూడా లేకుండానే ఇది మనకు అందుతుంది. మొత్తం కృతిలో దీన్ని మించిన చోటు లేదని నా అభిప్రాయం.

తర్వాత వేగం పెరుగుతుంది, గంటలు గలగలమంటాయి. ఇక్కడ స్టీఫెన్ ఫోస్టర్ రాసిన 'క్యాంప్‌టౌన్ రేసెస్' అనే పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. లింకన్ కాలపు సందడి చూపించడం కోప్లాండ్ ఉద్దేశం. వినడానికి హుషారుగానే ఉంటుంది. కానీ ఫోస్టర్ ఈ పాట రాసింది, తెల్లవాళ్ళు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించే ఆటల కోసం. బానిసత్వం రద్దుకు సంతకం పెట్టిన మనిషి బొమ్మలో ఆ కాలానికి గుర్తుగా ఈ పాటే దొరికిందా? నిజంగా ఆ కాలం అలాగే ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. అది నిజమే అయినా సంగీతం ఆ వెక్కిరింపును ఎక్కడా పట్టించుకోదు, నవ్వుతూ దాటిపోతుంది. నాకు ఇది లోపంగానే కనిపిస్తోంది.

ఇక గొంతు. మన హరికథలో దాసుగారే మాట, దాసుగారే పాట. ఇక్కడ అలా కాదు. వ్యాఖ్యాత పాడడు, ఊరికే చదువుతాడు. వాద్యాలు మాటకు దారి వదిలి పక్కన నిలబడతాయి. చదివే మనిషికి కోప్లాండ్ స్వరపత్రంలోనే ఒక హెచ్చరిక రాశాడు: నటించవద్దు, మాటలను నొక్కి నొక్కి పలకవద్దు, సాదాగా, సూటిగా చదవాలి అని. ఆగస్టు 15 సభల్లో వ్యాఖ్యానం చదివే మన అన్నలూ అక్కలూ, ఆ తర్వాత వంతు వచ్చే మనమూ ఈ ఒక్క ముక్క చదివితే చాలు. మైకు పట్టుకోగానే మన గొంతు ఎందుకో సినిమా ట్రైలర్ గొంతు అయిపోతుంది.

కోప్లాండ్ ఏరుకున్న మాటలు కూడా చూడాలి. యుద్ధ సమయం గనక శత్రువును తిట్టే మాటలో, గెలుపు మాటలో వెతుక్కోవచ్చు. ఆయన అలా చేయలేదు. మొదటివి 1862 డిసెంబరులో లింకన్ తన దేశపు కాంగ్రెసుకు పంపిన సందేశంలోవి: చరిత్ర మనల్ని వదలదు, పాత ఆలోచనలు ఈ కొత్త కష్టానికి చాలవు అని వాటి సారం. మరొకటి 1858లో డగ్లస్‌తో జరిగిన చర్చలోది: ఒకడు కష్టపడి సంపాదించిన రొట్టెను ఇంకొకడు కూర్చుని తినడం ఏ రూపంలో ఉన్నా నిరంకుశత్వమే అని. ఆ ఎన్నికల్లో లింకన్ ఓడిపోయాడు. ఆ తర్వాత, బానిసగా ఉండడం తనకు ఇష్టం లేనట్టే యజమానిగా ఉండడమూ ఇష్టం లేదనే మాట. చివరగా 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్ శ్మశానవాటికలో చేసిన చిన్న ప్రసంగం ముగింపు, మన సివిక్స్ పాఠంలో వచ్చేదే. ఇవన్నీ కలిపి చూస్తే పొగడ్త ఎక్కడా లేదు. ప్రతిదీ వినేవాళ్ళ నుంచి ఏదో ఒకటి అడుగుతుంది. అప్పట్లో అమెరికా సైన్యంలో నల్లవాళ్ళ దళాలు వేరు, తెల్లవాళ్ళ దళాలు వేరు. యజమాని, బానిస అనే ఆ మాట అలాంటి దేశంలో హాలు నిండా కూర్చున్నవాళ్ళకు వినపడిందంటే, అది వాళ్ళను మెచ్చుకోవడం కాదు.

ఈ మాటల మధ్య కోప్లాండ్ సొంతంగా రాసిన అతుకులే తేలిపోయాయి. లింకన్ ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, నిలబడితే ఆరడుగుల నాలుగంగుళాలు, నెమ్మదైన మనిషి, దిగులు మనిషి. ప్రతిసారీ ఇదిగో ఇప్పుడు ఆయన మాట వస్తోంది అని ఒక ప్రకటన. ఒకసారి వింటే బాగుంటుంది, నాలుగోసారికి హాజరుపట్టీ చదువుతున్నట్టు ఉంటుంది. ఎత్తు గురించి విన్నప్పుడు మా క్లాసులో నవ్వారు కూడా. పైగా చివరి మాట అయిపోగానే ఆర్కెస్ట్రా మొత్తం లేచి గర్జిస్తుంది. క్లారినెట్ చెప్పిన నమ్రతను కోప్లాండే చివర్లో కొంచెం మరిచిపోయాడేమో.

అయినా ఈ కృతి ఇన్నేళ్ళుగా ఎందుకు నిలిచిందంటే, చదివే మనిషి మారిన ప్రతిసారీ దాని అర్థం మారుతుంది. మారియన్ ఆండర్సన్ అనే గాయనికి నల్లజాతి మనిషి అన్న కారణంతో 1939లో వాషింగ్టన్‌లోని ఒక పెద్ద హాలు ఇవ్వలేదు. ఆమె లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి వేలాది మంది ముందు పాడింది. తర్వాతి కాలంలో ఆమే ఈ కృతికి వ్యాఖ్యాతగా నిలబడింది. యజమాని, బానిస అనే మాటను ఆమె గొంతులో ఊహించుకోండి. 1957లో వెనిజులా రాజధాని కారకాస్‌లో హువానా సుహో అనే నటి దీన్ని స్పానిష్‌లో చదివింది. ఆ దేశంలో అప్పుడు నియంత పాలన. ప్రజల ప్రభుత్వం గురించిన చివరి మాటలకు జనం వేసిన కేకల్లో మిగతా సంగీతం తనకే వినపడలేదని కోప్లాండ్ చెప్పుకున్నాడు. కొన్ని నెలలకు, 1958 జనవరిలో, ఆ నియంత పారిపోయాడు. సంగీతం వల్లనే అని నేను అనను.

సొంత దేశంలో మాత్రం వేరే కథ జరిగింది. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యే సందర్భంగా జరిగే కచేరీలో ఇది ఉండాల్సింది. కోప్లాండ్ కమ్యూనిస్టులతో తిరిగాడని బస్బీ అనే కాంగ్రెసు సభ్యుడు అభ్యంతరం చెప్పాడు, కార్యక్రమం నుంచి తీసేశారు. ఆ సభ్యుడిది ఇల్లినాయిస్, లింకన్ రాష్ట్రమే! పార్టీ కూడా లింకన్ పార్టీయే. అదే మే నెలలో కోప్లాండ్‌ను మెకార్తీ కమిటీ పిలిచి ప్రశ్నించింది. ఆయన తల్లిదండ్రులు లిథువేనియా ప్రాంతం నుంచి వలస వచ్చి బ్రూక్లిన్‌లో దుకాణం పెట్టుకున్న యూదులు. ఆ దేశంలోనే పుట్టి, ఆ దేశపు పల్లెపాటలను ప్రపంచానికి వినిపించిన మనిషి తాను ఆ దేశం వాడేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బస్టాండులో కన్నడం మాట్లాడే మనల్ని కూడా, తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నా, మీ సొంతూరు ఏది అని ఇప్పటికీ అడుగుతారు. అందుకే ఈ భాగం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. 1964లో అదే ప్రభుత్వం ఆయనకు పెద్ద పతకం ఇచ్చింది, అది వేరే సంగతి.

వినాలనుకునేవాళ్ళకు రెండు రికార్డింగులు చెప్తాను. ఒకటి మన ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా నడిపించింది, చదివింది గ్రెగరీ పెక్ అనే నటుడు. గొంతు గంభీరం, కానీ కొంచెం తెరమీద హీరోలా ఉంటుంది. రెండోది కోప్లాండే నడిపించింది, చదివింది హెన్రీ ఫోండా. ఆయన అంతకుముందు సినిమాలో లింకన్ వేషం వేసినవాడే, అయినా ఇక్కడ ఉత్తరం చదివినట్టు చదువుతాడు. నా ఓటు ఆయనకే. ఫోన్ స్పీకర్‌లో మొదటి రెండు నిమిషాలు సరిగ్గా వినపడవు, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. క్లారినెట్ వచ్చేదాకా ముందుకు జరపకండి.