ముద్ద ఎంత, అవ్వా?

"తక్కువ తినండి, రోజూ నడవండి." షుగర్ ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి నేను చెప్పిన మాట ఇదే. మందుల చీటీ చేతికిస్తూ, తర్వాతి మనిషి కోసం తలుపు వైపు చూస్తూ చెప్పేవాణ్ణి. మూడు నెలలకు వాళ్లు మళ్లీ వచ్చేవారు. షుగర్ తగ్గి ఉండేది కాదు. చెప్పినా వినరని లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఆ విసుగు తప్పని నాకు తెలియజెప్పింది తమిళనాడు ధర్మపురి జిల్లాలో, తీర్థమలై దగ్గరి పల్లెలో ఉండే ఒక అవ్వ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. నా మాట పూర్తిగా విని ఆమె అడిగింది: "తక్కువంటే ఎంత సామీ? నేను తినేది రెండు ముద్దలు. నువ్వు చెప్పినావని ఒకటే తింటే మధ్యాన్నానికి కళ్లు తిరగతా ఉండాయి. నడవమంటావు, పొద్దస్తమానం మేకల ఎంబడి తిరిగేది నడక కాదా?"

రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. ఆమె రాగి సంకటి ముద్ద ఎంతదో నేనెప్పుడూ అడగలేదు. కళ్లు తిరగడానికి కారణం మాత్రం అప్పుడే అర్థమైంది. నేను రాసిచ్చిన మాత్ర, తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరించే రకం. తిండి తగ్గించమన్నవాణ్ణి మాత్ర తగ్గించలేదు. నా సలహాను అక్షరాలా పాటించినందుకే ఆమెకు షుగర్ మరీ పడిపోతోంది.

ఆ రోజు నుంచి సలహా కంటే ముందు ప్రశ్నలు అడుగుతున్నాను. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావు? ముద్ద ఎంతదో చేత్తో చూపించు. వండేది ఎవరు? ఇంట్లో ఎంతమంది, నెలకు నూనె ఎంత పడుతుంది? టీ ఎన్నిసార్లు? నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే రోజుకు ఎనిమిది చెంచాలు. చాలామందికి అన్నం జోలికి పోకముందే మార్చదగ్గది అక్కడ దొరుకుతుంది.

రాగి సంగతి కూడా సరిగ్గా చెప్పాలి. ఈ నేల పంట అది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పీచూ ఉంటుంది. అయినా అది షుగర్‌కు మందు కాదు. మెత్తటి పిండితో కాచిన జావ రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. ముద్ద పెద్దదైతే సంకటైనా అన్నమైనా ఒకటే. అవ్వతో కూర్చుని లెక్క వేసి ముద్దలు ఒకటిన్నర చేశాం. తగ్గిన చోట గిన్నెడు ఉలవలు, ఆకుకూర చేరాయి. మాత్ర మోతాదు తగ్గించాను.

నడక గురించి ఆమె అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చెన్నై వైద్యుల అధ్యయనం ఒకదానిలో దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మూడేళ్లలో మామూలు సలహా మాత్రమే అందినవాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39 శాతమే. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవాళ్లలోనూ దాదాపు అంతే. అప్పటికే ఒళ్లు వంచి పనిచేస్తున్నవాళ్లను మాత్రం కొత్తగా నడవమనలేదు, ఉన్న పనినే కొనసాగించమన్నారు. మేకల వెంట తిరగడమూ నడకే. అలాంటి మనిషికి నేను చూడాల్సింది అరికాళ్ల స్పర్శ, మడమల పగుళ్లు, కాలికి సరైన చెప్పులు. రోజంతా దుకాణంలో కూర్చునే ఆమె కొడుక్కి మాత్రం భోజనం కాగానే పావుగంట నడక చెప్పాను.

ఇలా తిండి దగ్గర నుంచి ఆలోచించినవాళ్లు ఈ ధర్మపురి జిల్లాలోనే, సిత్తిలింగి లోయలో ఉన్నారు. అక్కడ డాక్టర్ రెజీ జార్జ్, డాక్టర్ లలిత దంపతులు 1993లో ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఊళ్లోని ఆడవాళ్లకే ఆరోగ్యపు పని నేర్పించారు. ఆ ప్రయత్నం ఆసుపత్రితో ఆగక సేంద్రియ సాగు దాకా, చిరుధాన్యాల దాకా సాగింది. ఒంటి సంగతి చేను నుంచి, పొయ్యి నుంచి మొదలవుతుందని అంత ఓపికగా చూపిన పని నాకు గొప్పగా అనిపిస్తుంది. 2021లో పక్కనున్న కృష్ణగిరి జిల్లాలోనే తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' (మనుషుల్ని వెతుక్కుంటూ వైద్యం) పథకాన్ని ప్రారంభించింది. బీపీ, షుగర్ మాత్రలు ఇప్పుడు ఇంటి గడప దాకా వస్తున్నాయి. ఆ మాత్రతో పాటు "ముద్ద ఎంత?" అన్న ప్రశ్న కూడా గడప దాటి లోపలికి పోవాలని నా కోరిక. తిండి గురించి అడగడానికి పది నిమిషాలు పడుతుంది. బయట వరుస పెద్దదే, నాకు తెలుసు. కానీ ఆ పది నిమిషాలు మిగుల్చుకున్న ఏళ్లలో నేను చేసింది సగం వైద్యమే.

అవ్వ ఏటా శివరాత్రికి ఉపవాసముండి తీర్థమలై ఎక్కుతుంది. మెట్లెక్కి, రామతీర్థం ధార కింద తల తడుపుకుని, తీర్థగిరీశ్వరుణ్ణి చూసుకుని దిగుతుంది. ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు చెప్పనే లేదు, నేను అడగనూ లేదు. మొన్నటి శివరాత్రికి వారం ముందే వచ్చింది. "సామీ, ఆ పొద్దు మాత్ర ఏం చేయాల?" అంది. ఆ ఒక్క రోజుకు ఆమెను పొద్దుటి మాత్ర మానేయమన్నాను. కొంగున బెల్లం ముక్క కట్టుకోమన్నాను. వణుకు పుడితే ఉపవాసమని చూడకుండా నోట్లో వేసుకోమన్నాను. గుండె పట్టేసినట్టుంటే ఆ మెట్టు మీదే కూర్చుని మనిషిని పిలవమన్నాను. ఒక్కొక్కటీ నాకు తిరిగి అప్పజెప్పి లేచింది.