ప్లాట్‌ఫాం మీద ఆవగింజ

పరమాణువు బొమ్మ బోర్డు మీద వెయ్యడం మానేసి ఆరేళ్లయింది. చెన్నై రాయపురంలో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. అంతకుముందు నేనూ గైడుల్లో బొమ్మే వేసేదాన్ని. మధ్యలో నిమ్మకాయంత కేంద్రకం, చుట్టూ గాజుల్లా వలయాలు, వాటి మీద చుక్కలు. ఒకసారి పరీక్ష పెట్టి, పరమాణువులో ఎక్కువ చోటు దేనిదని అడిగాను. అందరూ కేంద్రకమనే రాశారు. వాళ్లు చూసిందే రాశారు. తప్పు నా బొమ్మలో ఉంది.

ఇప్పుడు ఆ పాఠం రైల్వే స్టేషన్‌లో మొదలుపెడతాను. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో బయల్దేరిన స్టేషన్ మాది. ఆదివారం పొద్దున్నే అందరికీ టికెట్లు కొని, ప్లాట్‌ఫాం మధ్యలో ఒక ఆవగింజ పెడతాను. అది సోడియం కేంద్రకం అనుకుని, పరమాణువు అంచు దగ్గరికెళ్లి నిలబడమంటాను. రెండు మూడు అంగలేసి ఆగిపోతారు. ఇంకా, ఇంకా అంటూ యాభై మీటర్లు దాటిస్తాను. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి చూస్తే గింజ ఆనదు. ఆ నడుమ ఉన్నవల్లా 11 ఎలక్ట్రాన్లు. బరువు దాదాపు అంతా కంటికానని ఆ గింజలోనే ఉంది: 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు. ఒక్క ప్రోటాన్‌కు సరితూగాలంటే సుమారు 1,836 ఎలక్ట్రాన్లు కావాలి.

ఎలక్ట్రాన్లు వలయాల్లో పరుగెడతాయని కూడా చెప్పడం మానేశాను. సాంబ్రాణి పొగ చూపిస్తాను. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది, అంచు ఇదీ అని గీత గియ్యలేం. ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో అలాగే చెప్పాలి.

పరమాణువులోని ఈ ఖాళీని పట్టిచ్చింది శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ బృందం. పల్చటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలితే దాదాపు అన్నీ దూసుకుపోయాయి. సుమారు 8,000లో ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. దాన్ని బట్టి 1911లో ఆయన కేంద్రకాన్ని ఊహించాడు. న్యూట్రాన్‌ను 1932లో చాడ్విక్ కనిపెట్టాడు. ఆ చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేసిన తెలుగువాడు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, తర్వాత భౌతికశాస్త్రంలోకి వచ్చిన సన్యాసి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగం ఆయన చేతుల మీదుగానే మొదలైంది. మా పిల్లలకు ఆ పేరు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. నాకది చాలా బాధ. అందుకే న్యూట్రాన్ పాఠంలో ఆయన్ను తప్పకుండా తలుచుకుంటాను.

కిందటేడు ఒక పిల్ల ప్లాట్‌ఫాం మీదే అడిగింది: "మిస్, ప్లస్సూ ప్లస్సూ తోసుకుంటాయన్నారు కదా, పదకొండు ప్రోటాన్లు ఒక్క గింజలో ఎలా ఇమిడాయి?" ఈ ప్రశ్న ఎవరు అడుగుతారా అని ఏటా ఎదురుచూస్తాను. ఆ తోపును మించిన బలం ఇంకోటుంది. ఒకదాన్నొకటి ఆనుకున్నంత దగ్గరలోనే అది పనిచేస్తుంది. న్యూట్రాన్లు ఆ పట్టును పెంచుతాయి, విద్యుదావేశం లేదు కాబట్టి తోపును పెంచవు.

ఇంటికొచ్చాక అందరి అరచేతుల్లో చిటికెడు ఉప్పు వేస్తాను. కాసిమేడు రేవు పక్కనే ఉంది, ఎండుచేప మీద ఉప్పు తెలియని పిల్లలు లేరు. సోడియం ముక్క నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ విషవాయువు. సోడియం తన పదకొండో ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తే ఆ రెండూ కలిసి మన కూరలో ఉప్పవుతాయి. రెండు కేంద్రకాల్లోనూ ఒక్క ప్రోటాన్ పెరగలేదు, తరగలేదు. చేతులు మారింది అన్నిటికన్నా తేలికైన ఆ ఒక్కటే. అది చెప్పాక పిల్లలు ఉప్పును నాలుక మీద వేసుకుని కాసేపు మాట్లాడరు.

అమ్మానాన్నలకు ఒక మాట. బళ్లో పరమాణువు పాఠం మొదలైన వారం మీ పోపులడబ్బాలోంచి ఒక ఆవగింజ తీసి పిల్లల చేతికివ్వండి. యాభై మీటర్లు మీరూ వాళ్లతో నడవండి.