సమ్మక్క – పగిడిద్దరాజుల కథ: సచిత్ర ప్రణయగాథగా ప్రచురించడంలోని సమస్యలు

వ్యాససంగ్రహం:
ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో ప్రచారంలో ఉన్న సమ్మక్క కథను వీరగాథగా, భక్తిగాథగా పరిశీలించిన రచనలు విస్తృతంగా ఉన్నాయి. ఆ కథలోని దాంపత్య ప్రణయాన్ని అద్భుతకథా దృష్టితో పరిశీలించి, దాన్ని బొమ్మల పుస్తకంగా వెలువరించేటప్పుడు కథాక్రమం, చిత్రం, కర్తృత్వం అనే మూడు విషయాల్లో తలెత్తే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కోయ పడిగె, డోలి, అద్భుతకథ, మేడారం, సచిత్ర ప్రచురణ, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో సచిత్ర అద్భుతకథ అనగానే చందమామ గుర్తుకొస్తుంది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఆ పత్రికలో చిత్రా, వపా, శంకర్ వేసిన బొమ్మలు రాకుమారుడికీ రాకుమారికీ తెలుగు పాఠకుల మనసుల్లో ఒక స్థిరరూపాన్ని ఇచ్చాయి. అంతకుముందే మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ప్రణయం, సాహసం, మాయ కలగలిసిన కథనానికి నమూనాగా నిలిచాయి. ఈ రెండు సంప్రదాయాలు ఎంత బలమైనవంటే, ఏ జానపద ప్రణయకథను బొమ్మలతో అచ్చువేయాలన్నా రచయిత, చిత్రకారుడు తెలియకుండానే వాటి అచ్చులో పోతపోస్తారు. కోయల కథ ఆ అచ్చులో ఇముడుతుందా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. పెళ్లితో ముగియని కథ:
బహుళప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాపను కోయదొరలు తెచ్చి పెంచుకున్నారు. ఆమె సమ్మక్క. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి సంతానం. కరువుకాలంలో కప్పం కట్టనందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యం దండెత్తింది. పోరులో సంపెంగవాగు వద్ద జంపన్న మరణించగా అది జంపన్నవాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది. వెతికినవారికి కుంకుమభరిణ మాత్రమే దొరికింది.

దొరికిన బిడ్డ, మృగాల మైత్రి, అదృశ్యం, గుర్తుగా మిగిలిన వస్తువు: ఇవన్నీ అద్భుతకథకు చెందిన అంశాలే. అయితే వాటి అమరిక వేరు. రష్యన్ జానపద విద్వాంసుడు వ్లదిమీర్ ప్రాప్ 1928లో అద్భుతకథల నిర్మాణాన్ని విశ్లేషిస్తూ కథ చిట్టచివరి ఘట్టంగా వివాహాన్ని గుర్తించాడు. కాశీమజిలీ కథలకూ చందమామ కథలకూ ఈ సూత్రం చాలామేరకు వర్తిస్తుంది. సమ్మక్క కథలో వివాహం ఆరంభంలోనే జరిగిపోతుంది. కథ ముగిసేది వియోగంతో.

పునస్సమాగమం కథలో లేదు, జాతరలో ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో పెనక వంశీయులు పగిడిద్దరాజును పెళ్లికొడుకుగా పూనుగొండ్ల నుంచి అడవిదారిన కాలినడకన మేడారానికి తీసుకొస్తారు. ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరుతుంది. చివరి రోజున వనప్రవేశంతో అందరూ మళ్లీ వేర్వేరు దారులు పడతారు. వేర్వేరు ఊళ్లలో ఉండే ఆలుమగలు రెండేళ్లకోసారి కలుసుకోవడమే ఈ ప్రణయగాథకు ప్రాణం. పెళ్లి బొమ్మతోనో భరిణ బొమ్మతోనో ముగించే పుస్తకం ఈ ప్రాణాన్నే వదిలేస్తుంది.

తొలిచూపు ప్రేమ, ఉద్యానవన విహారం వంటి ఘట్టాలను కల్పించి చేరిస్తే మరో లోపం ఏర్పడుతుంది. కోయ సమాజంలో వివాహం గట్టు వ్యవస్థకు లోబడినది. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస కనుక వారి మధ్య పెళ్లి కుదరదు. వరుస కుదరడం ఇక్కడ ప్రేమకు అడ్డంకి కాదు, అది నిలిచే నేల. దాన్ని తొలగించి వ్యక్తుల ఆకర్షణగా మాత్రమే చిత్రిస్తే పాత్రలు కోయ పేర్లు పెట్టుకున్న రాకుమారులుగా మిగులుతాయి.

3. బొమ్మ ఎవరి కోసం?
మేడారం గద్దెల మీద విగ్రహాలు లేవు. వెదురు, కుంకుమభరిణలే దేవతా రూపాలు. పులినెక్కిన స్త్రీమూర్తిగా సమ్మక్కను చూపే పటాలు అచ్చుయంత్రం తెచ్చినవి. కనుక చిత్రకారుడు సమ్మక్క ముఖం గీసిన క్షణంలోనే ఒక వ్యాఖ్యానం చేసినట్టు అవుతుంది.

కోయలకు బొమ్మ కొత్తది కాదు. త్రికోణాకారపు పొడవాటి గుడ్డ మీద వంశగాథల బొమ్మలు కూర్చిన పడిగెలు వారి వేల్పుల కొలుపుల్లో కనిపిస్తాయి. డోలి వాయిస్తూ కథకుడు ఆ బొమ్మల ఆధారంగా గట్టు చరిత్రను గానం చేస్తాడు. అచ్చు పుస్తకంలో బొమ్మ వాక్యాన్ని అనుసరిస్తుంది. పడిగెలో పాటే బొమ్మను అనుసరిస్తుంది. చేర్యాల పటంలో ఘట్టాలు వరుసగా గళ్లలో సాగుతాయి కనుక దాన్ని పుటలుగా విడదీయడం కొంత సులువు. పడిగెలో మనిషి, మృగం, సూర్యచంద్రులు ఒకే గుడ్డ మీద సహజీవనం చేస్తాయి. దాన్ని ముక్కలుచేసి వాక్యాల పక్కన అలంకారంగా అతికిస్తే అది పడిగె శైలి అవుతుందే తప్ప పడిగె దృష్టి కాదు. పడిగె రీతిలో మనుషులను గుర్తులుగా చూపి, ముఖకవళికలను పాఠకుని ఊహకు వదిలే చిత్రణ ఈ కథకు సముచితం. విగ్రహం లేని గద్దె సంప్రదాయానికీ అది విరుద్ధం కాదు.

4. కర్తృత్వం:
భారత కాపీరైట్ చట్టం (1957) హక్కును ప్రధానంగా రచయితకు ఇస్తుంది. వంశపారంపర్యంగా వచ్చిన గాథకు అలాంటి ఏకైక రచయిత ఉండడు. ఫలితంగా కథను విని తిరగరాసినవారు, బొమ్మలు వేసినవారు హక్కుదారులవుతారు, పాడినవారు ‘సమాచారదాత’గా మిగిలిపోతారు. 1994 సవరణ ప్రదర్శకులకు ప్రత్యేక హక్కును కల్పించింది. డోలి కళాకారుని గానాన్ని రికార్డు చేసి పుస్తకం తయారుచేసేవారు ఈ హక్కును గుర్తించవలసి ఉంటుంది. 2022లో సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ లభించడం కోయ కథాగాయకుడు కేవలం సమాచారదాత కాదని, కళాకారుడని దేశం గుర్తించిన సందర్భం. ఆ గుర్తింపు పుస్తకాల ముఖపత్రం మీదికి కూడా రావాలి. పడిగె పూజావస్తువు కనుక దాని ఛాయాచిత్రాన్ని అచ్చువేయడానికి ఆ వంశం వారి సమ్మతి కూడా అవసరం.

భాష కూడా కర్తృత్వంలో భాగమే. గోండికి సన్నిహితమైన ద్రావిడభాష కోయ. తెలుగు వచనంతోపాటు కోయపాఠాన్ని తెలుగు లిపిలోనైనా ఇస్తే, ఏటూరునాగారం పరిసరాల కోయ పిల్లలు ఆ పుస్తకాన్ని తమదిగా చదువుకోగలుగుతారు.

5. ముగింపు:
దేవతల గాథను అద్భుతకథ అనడం దాని గౌరవాన్ని తగ్గించడమేనన్న అభ్యంతరం రావచ్చు. గాథను నమ్మే సమాజాన్ని పక్కనపెట్టి, దాన్ని ఎవరిదీ కాని కల్పనగా ప్రచురించినప్పుడు ఆ అభ్యంతరం న్యాయమైనదే. గాయకుని పేరు, వంశం సమ్మతి, కోయపాఠం, గట్టు సంబంధాలు నిలుపుకున్న పుస్తకానికి అది వర్తించదు. అటువంటి ప్రచురణ చివరి పుటలో ముగింపు వాక్యం కన్నా పూనుగొండ్ల నుంచి మేడారానికి సాగే అడవిదారి బొమ్మ ఉండడం ఉచితం. పెళ్లికొడుకు మళ్లీ రెండేళ్లకు ఆ దారిన నడిచి రావలసి ఉంది కనుక కథ అక్కడ ఆగదు.