తాపీ పట్టని మేస్త్రీలు

మనకు లాడ్జి యనిన పూటకింతయని అద్దె పుచ్చుకొను బసయే గాని, ఆ మాటకు ఇంగ్లండులో మరియొక పాత యర్థము కలదు. పెద్ద చర్చి లేచుచున్న చోట రాతిపనివారు ఉలిసుత్తులు దాచుకొనుటకును, వాన కురిసిననాడు లోపల కూర్చుండి రాయి చెక్కుకొనుటకును వేసికొన్న పాక అది. లండనులో గ్రేట్ క్వీన్ స్ట్రీటునందలి ఫ్రీమేసన్స్ హాలు, ఆ పాక పేరునే తమ శాఖలకు పెట్టుకొన్న ఫ్రీమేసను లనెడి సోదరసంఘమువారు మొదటి ప్రపంచయుద్ధమున అసువులు బాసిన మూడువేలకు పైబడిన తమ సోదరుల స్మృత్యర్థము 1927లో మొదలిడి 1933లో ముగించిన శిలాసౌధము. దాని గుమ్మమున నిలిచి పాకను తలచుకొనుట విపరీతమే యైనను, నాకు తోచినది మాత్రము అదియే.

లోపలి మ్యూజియమునందు మన మేస్త్రీల సంచిలో నుండు సరంజామాయే, మూలమట్టము, తూకపుగుండు, తాపీ, వెండిబంగారములతో ముచ్చటైన పతకములై పట్టునాడాలకు వ్రేలాడుచున్నది. మూలమట్టము లాడ్జి పెద్దకు, మట్టము చూచు పలక పెద్ద వార్డెనుకు, తూకపుగుండు చిన్న వార్డెనుకు చిహ్నములట. 1717లో సెయింట్ పాల్ చర్చి చెంతనున్న యొక పానశాలలో నాలుగు లాడ్జీలవారు కూడి గ్రాండ్ లాడ్జిని నెలకొల్పిరని వారి సంప్రదాయము చెప్పును. కాలక్రమమున ఉలి పట్టువారు తగ్గి ప్రభువులును పండితులును చేరగా, చెక్కవలసిన మొరటురాయి మనుష్యుని స్వభావమే యైనది. రాతిపొరకలు మీద పడకుండ కట్టుకొనిన తోలుగుడ్డ కుట్టుపూలతో కర్మకాండవస్త్ర మైనది. వీరి కూటముల రహస్యము సంగతి చెప్పనక్కరలేదు. మన హైదరాబాదులో తానీషా కట్టించిన గోషామహల్ బారాదరి పందొమ్మిదవ శతాబ్దిలో వీరి వశమైన సంగతి గుర్తుకు వచ్చి, ఆడువారి గోషాకు పేరుపడిన మహలు మగవారి గోషాకు అక్కరకు వచ్చినది గదా యని నాలో నేనే నవ్వుకొంటిని.

ఆ బంగారపు మెరుపులను దాటి నే నెక్కువసేపు నిలిచినది మరియొక అద్దపుబీరువా యెదుట. నెపోలియను యుద్ధములలో ఇంగ్లండున చెరపడిన ఫ్రెంచివారు, వంటలో మిగిలిన ఎముకలను అరగదీసి, తొలిచి చేసిన చిహ్నములవి. బొటనవ్రేలంత మూలమట్టము, దారపుపోగువంటి నిచ్చెన. అన్నియు పనిముట్ల ప్రతిమలే యైన ఆ గదులలో, నిజముగా నొక పనిముట్టు పట్టి పాటుపడిన చేయి నాకు అక్కడ కనబడినది.