వెనక జేబు ప్రశ్న

భుజం నొప్పులు చూసే ఫిజియోథెరపిస్టులం స్పాడి అనే ప్రశ్నపత్రం వాడుతుంటాం. 1991లో అమెరికాలో తయారైంది. నొప్పి గురించి 5 ప్రశ్నలు, పనుల గురించి 8. ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా మార్కు. ఎక్కువొస్తే బాధ ఎక్కువని. ఆఖరిది, వెనక జేబులోంచి వస్తువు తీయడం ఎంత కష్టం అని.

అనకాపల్లి చుట్టుపక్కల చీర కట్టిన పెద్దావిడని ఇది అడిగి చూడండి. ‘నాకు జేబేటి బాబూ?’ అని నవ్వేస్తుంది. లుంగీ కట్టినాయనదీ అదే మాట. వర్తించని ప్రశ్నను వదిలేసి మిగతావాటి మీద శాతం కట్టొచ్చు, నిజమే. కానీ చెయ్యి నడుం వెనక్కి పోకపోవడం భుజం పట్టేసినవాళ్ల ముఖ్యమైన బాధల్లో ఒకటి. వీపు తోముకోవడం గురించీ ఓ ప్రశ్న ఉంది గానీ, ఆ పని ఇంట్లో ఎవరిచేతనో చేయించుకునేవాళ్లే ఎక్కువ.

టర్కీవాళ్లు ఈ పత్రాన్ని 2008లో తమ భాషలోకి తెచ్చుకున్నారు. మనం తెలుగులోకి తెచ్చుకోవాలన్నా, ఇలాంటి పనికి 2000లో వచ్చిన పద్ధతి ఒకటుంది: ఇద్దరు విడివిడిగా అనువదించాలి, రెండూ కలిపాక మూలం చూడని మరో ఇద్దరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, నిపుణులు కూర్చుని తేల్చాలి. చివర్లో 30, 40 మంది రోగుల ముందు పెట్టి చూడాలి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. జేబు సంగతి బయటపడేది ఇక్కడే.

జేబుకు బదులు ఏం పెట్టాలి? పైట కొంగు వెనకనుంచి తెచ్చి బొడ్లో దోపుకోవడం అందామనిపిస్తుంది. కానీ కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది, వెనక్కి వెళ్లేది కుడిచెయ్యి. ఎడమ భుజం పట్టేసినామెకు ఆ పనిలో ఇబ్బందే ఉండదు. నడుం వెనక చీర సర్దుకోవడమైతే ఏ చేత్తోనైనా చెయ్యొచ్చు.

పత్రంలో బరువు మోయడం గురించీ ఓ ప్రశ్న ఉంది. అందులోని 10 పౌన్లు అంటే నాలుగున్నర కిలోలు. ఇక్కడ నూనె 5 లీటర్ల డబ్బా అంటే సరిపోతుంది. బెల్లం మార్కెట్ ఊరు కదా, దిమ్మ పెడదాం అంటే ఒప్పుకోను. దిమ్మ 10 కిలోలు దాటుతుంది. అప్పుడు మన మార్కు టర్కీ మార్కు పక్కన పెట్టి చూడ్డానికి పనికిరాదు. నూనె డబ్బాకి సున్నా వేసి, దిమ్మలు ఎత్తలేక కూలి పోగొట్టుకునే కలాసీ ఉంటాడు. అతని లెక్క మాత్రం కేసు షీటు మీద విడిగా రాసుకోవాల్సిందే.